అన్నం మానేస్తున్న అమ్మాయి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి పదహారేళ్లు, రోజూ బస్సులో భీమవరం వెళ్లి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఆరు నెలలుగా ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ చూసి, తన ముక్కు వెడల్పనీ, రంగు తక్కువనీ, లావుగా ఉన్నాననీ కుమిలిపోతోంది. రాత్రిపూట అన్నం మానేసి గ్లాసుడు మజ్జిగతో సరిపెడుతోంది. మొన్న మాఘమాసంలో మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కు వచ్చి కూడా, ఫోటోలు తీస్తారని గదిలోంచి బయటికి రాలేదు. మావారు ఫోను లాక్కుంటే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ఫోను సంగతి తరువాత చూద్దాం, ముందు అన్నం సంగతి చూడాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. అంటే కడుపునిండా తింటున్నారనుకునే పిల్లల్లోనూ చాలామందికి రక్తం చాలడం లేదు. మీ అమ్మాయికి ముందుగా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. నెలసరి తప్పుతున్నా, కళ్లు తిరుగుతున్నా, తినగానే బాత్రూములోకి వెళ్లి తలుపు వేసుకుంటున్నా, కొద్ది వారాల్లోనే బాగా చిక్కిపోయినా ఆలస్యం చేయకుండా వైద్యులకు చూపించండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం ‘టెలీ మానస్’ సలహాదారులు ఏ వేళలోనైనా, ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరుకు మీరైనా చేయవచ్చు, అమ్మాయైనా చేయవచ్చు.

ఇక ముక్కు సంగతి. పగటి వెలుతురులో అమ్మాయిని వీధి అరుగు మీద కూర్చోబెట్టి, ముఖానికి అడుగు దూరంలో ఫోను పెట్టి తననే ఒక సెల్ఫీ తీసుకోమనండి. తరువాత మీరు ఐదడుగుల దూరం జరిగి, ముఖం అంతే పెద్దదిగా కనిపించేలా జూమ్ చేసి మరొకటి తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అవి ఒకే పిల్ల ముక్కులా కనిపించవు. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, ఐదడుగుల నుంచి తీసినదానికంటే సుమారు 30 శాతం వెడల్పుగా పడుతుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టారు. చెవులకంటే ముక్కు లెన్సుకు దగ్గరగా ఉండడమే దీనికి కారణం. ఆరు నెలలుగా మీ అమ్మాయి ద్వేషిస్తున్న ముక్కు బహుశా ఆ లెన్సు చూపిస్తున్న ముక్కే. ఈ మాట మీరు నోటితో చెబితే అమ్మ కాబట్టి అలా అంటోందని కొట్టిపారేస్తుంది. కళ్లతో చూస్తే ఆలోచిస్తుంది.

రీల్స్ మీదే తప్పంతా వేయలేను, కానీ వాటి పాత్ర చిన్నది కాదు. సన్నబడే చిట్కాల వీడియో దగ్గర పిల్ల రెండు క్షణాలు ఎక్కువసేపు ఆగితే చాలు, అలాంటివే వరుసగా వచ్చి పడతాయి. టీనేజీ అమ్మాయిల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి తమ శరీరం పట్ల ఉన్న బాధను మరింత పెంచుతున్నామని ఇన్‌స్టాగ్రామ్ ఉద్యోగులే 2019లో ఒక అంతర్గత నివేదికలో రాసుకున్న విషయం 2021లో బయటపడింది. ఆ అంకెలను అలా అర్థం చేసుకోకూడదని సంస్థ వాదించింది గాని, ఆ వాక్యం రాసింది మాత్రం వారి మనుషులే.

అయితే ఫోన్లు రాకముందు జరిగిన ఒక సంగతి కూడా మీకు చెప్పాలి. పసిఫిక్ సముద్రంలోని దీవుల దేశం ఫిజీ మన కోనసీమలాగే కొబ్బరిచెట్ల నేల. ఒళ్లు నిండుగా ఉండడమే ఆరోగ్యమని, పిల్ల చిక్కిపోతే ఇంటివాళ్లు సరిగా చూసుకోవడం లేదని అనుకునే సమాజం. అక్కడి ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అప్పటికి బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకుంటున్నామని చెప్పిన బడి ఆడపిల్ల ఒక్కరూ లేరు. 1998లో అడిగితే నూటికి 11 మంది అవునన్నారు. మన దగ్గరా పాత పలకరింపు "చిక్కిపోయావేంటమ్మా, తింటున్నావా లేదా?" అనే కదా! ఇప్పుడు అదే పెద్దవాళ్లు పెళ్లిపందిట్లో "ఏంటే, ఇలా ఒళ్లు చేశావు? చెరువుగట్ల మీద తిరుగుతున్నావా, నల్లబడిపోయావు!" అని నలుగురిలో అంటున్నారు. మీ అమ్మాయి ఆ రోజు గదిలోనే ఉండిపోవడానికి కెమెరా ఎంత కారణమో, అలాంటి మాట ఏదో పడుతుందన్న భయం కూడా అంతే కారణమై ఉండవచ్చు. అమ్మమ్మ, మేనత్తలతో సహా ఇంట్లో ఎవరూ ఆమె రంగు, బరువు ఊసెత్తకూడదని మీరే గట్టిగా చెప్పండి. మిమ్మల్ని మీరు అద్దంలో చూసుకుని "ఎంత లావైపోయానో" అనుకోవడం కూడా ఆమె చెవిన పడుతుందని గుర్తుంచుకోండి.

ఫోను లాక్కోవడం వద్దు. 2023లో వెలువడిన ఒక కెనడా అధ్యయనంలో, ఆందోళనతోనో దిగులుతోనో ఉన్న 17 నుంచి 25 ఏళ్ల వారు మూడు వారాలపాటు సోషల్ మీడియాను రోజుకు గంటకు తగ్గిస్తే, తమ రూపం గురించి వారి అభిప్రాయం మెరుగుపడింది. మీ ఇంట్లోనూ ఆ గంట నియమం పెట్టండి, కానీ అది మీకూ మీవారికీ కూడా వర్తించాలి. రాత్రి భోజనాల వేళకు అందరి ఫోన్లూ వంటింటి గూట్లో ఉంచి, ఆమె పక్కనే కూర్చుని మీరూ తినండి.

ప్రశ్న: రీల్స్‌లో చూసి ఒక క్రీమ్ వాడాను. రెండు వారాల్లో తెల్లబడ్డాను. ఇప్పుడు ఆపితే ముఖం మండుతోంది, మొటిమలు వస్తున్నాయి.
— ఒక విద్యార్థిని, రాజోలు

జవాబు: అమ్మా, నువ్వు చెప్పిన లక్షణాలు స్టీరాయిడ్ కలిసిన పూతమందు ఆపినప్పుడు వచ్చేవాటిలాగే ఉన్నాయి. అలాంటివి మొదట్లో ముఖాన్ని తెల్లగా చూపించి, తరువాత చర్మాన్ని పలచబరుస్తాయి. అందుకే చాలా రకాల స్టీరాయిడ్ క్రీములను వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. మంట తగ్గించుకోవడానికి మళ్లీ అదే రాసుకోవద్దు, ఇంకో క్రీమూ కొనవద్దు. ఈ వారంలోనే చర్మవైద్యులకు చూపించుకో. వాడిన ట్యూబును పారేయకుండా వెంట తీసుకువెళ్లు.