చిన్న వ్యాపారానికి ఎన్ని యాప్‌లు కావాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది మంగళగిరి. ఇంట్లో మూడు గుంట మగ్గాలున్నాయి, కాటన్ చీరలు నేస్తాం. ఇన్నాళ్లూ నూలు ఇచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్‌కే ఇచ్చాం, ఇప్పుడు సొంతంగా అమ్ముకుందామని ఉంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, టెలిగ్రామ్, ఎక్స్ అన్నిటిలోనూ అకౌంట్ తెరవమని మా అమ్మాయి అంటోంది. ఇంటిపని, మగ్గం పని చూసుకుంటూ ఇవన్నీ నావల్ల అవుతాయా అని టెన్షన్‌గా ఉంది. దేనితో మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అన్నీ వద్దమ్మా, రెండు చాలు. ముందు ఒక లెక్క వేసుకోండి. మీ మూడు మగ్గాల మీద నెలకు ఎన్ని చీరలు దిగుతాయి? వాటిని అమ్మడానికి లక్షమంది ఫాలోవర్లు ఎందుకు? మీ నేత నచ్చి, పండక్కో పెళ్లికో మళ్లీ మీ దగ్గరికే వచ్చేవాళ్లు రెండు మూడు వందల మంది దొరికితే మగ్గం ఖాళీగా ఉండదు. అలాంటప్పుడు జనం ఎక్కువగా ఎక్కడున్నారు అని కాదు, మీ చీర కొనే ఆవిడ ‘సరే, తీసుకుంటాను’ అని ఎక్కడ తేల్చుకుంటుందో చూడాలి.

ఆవిడ చీరను చేత్తో పట్టుకుని చూడలేదు, మీరెవరో తెలియదు, పైగా డబ్బు ముందే పంపాలి. నిజంగా చేతిమగ్గం మీద నేసిందేనా, ఫొటోలో ఉన్న రంగే వస్తుందా, ఉతికితే రంగు దిగుతుందా, బ్లౌజ్ ముక్క ఉందా అని ఒక్కొక్కటే అడుగుతుంది. ఇవన్నీ మాట్లాడుకుంటేనే తేలతాయి కాబట్టి మీకు మొదటిది వాట్సాప్ బిజినెస్. మామూలు వాట్సాప్ కాదు, 2018లో వచ్చిన వేరే యాప్, డబ్బు కట్టక్కర్లేదు. ఇంటి నంబరుతో కలపకుండా ఇంకో సిమ్ తీసుకోండి. అందులో కేటలాగ్ ఉంటుంది, ఒక్కో చీర ఫొటో, ధర, వివరం అక్కడ పెట్టేస్తే అడిగిన ప్రతివాళ్లకీ ఇరవై ఫొటోలు పంపే బాధ తప్పుతుంది. ‘డబ్బు వచ్చింది’, ‘పార్సిల్ పంపాలి’ అని లేబుళ్లు పెట్టుకోవచ్చు. ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా ఒకేసారి పంపడానికి బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఉంటుంది, ఒక్కోదాంట్లో 256 మంది దాకా పడతారు, కానీ మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియక ‘పంపాను, ఎవరూ పలకలేదు’ అని నిరాశపడుతుంటారు. అందుకని ప్రతి పార్సిల్‌లో మీ పేరు, నంబరు ఉన్న చిన్న కార్డు పెట్టి, సేవ్ చేసుకోమని నోటితో కూడా చెప్పండి.

అయితే వాట్సాప్‌లో కొత్తవాళ్లు వాళ్లంతట వాళ్లు మిమ్మల్ని వెతుక్కుంటూ రారు, రెండోది కావాల్సింది అందుకే. నా సలహా ఫేస్‌బుక్ పేజీ. మీ కాటన్ చీరలు కట్టేవాళ్లు టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ముప్పై అయిదు నలభై దాటిన గృహిణులు అయితే వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు, చేనేత ఇష్టపడేవాళ్ల గ్రూపులూ అక్కడే ఉన్నాయి. మీరు కుర్తాలకు పనికొచ్చే డ్రెస్ మెటీరియల్ కూడా నేస్తుంటే మాత్రం కాలేజీ, ఉద్యోగం పిల్లలు ఇన్‌స్టాగ్రామ్‌లో చూస్తారు, అప్పుడు అదే తీసుకోండి. రెండూ మెటా సంస్థవే, ఒకదానికొకటి కలుపుకుంటే ఒకచోట పెట్టింది రెండోచోటా వెళ్తుంది, ఆ పని మీ అమ్మాయికి అప్పగించండి. ఒక్క జాగ్రత్త, వ్యాపారానికి మీ సొంత ప్రొఫైల్ వాడకుండా పేజీ తెరవండి. ప్రొఫైల్‌లో 5,000 మంది స్నేహితులతో ఆగిపోతుంది, పేజీకి ఆ హద్దు లేదు.

ఏం పెట్టాలంటారా? రేపు పొద్దున మగ్గం ఆడుతుండగా కిటికీ వైపు నుంచి ఫోను పట్టుకుని ముప్పై సెకన్లు తీయండి. అటూ ఇటూ పరిగెత్తే నాడె, పడుగు మీద కదిలే చెయ్యి, ఒక్కో పోగూ చేరి మంగళగిరి చీరకు గుర్తయిన నిజాం అంచు తేలడం, అవే కనపడాలి. పాట జోడించకండి, బిజినెస్ అకౌంట్లకు చాలా సినిమా పాటలు ఎలాగూ దొరకవు, పైగా మగ్గం చప్పుడు వినిపిస్తే ఇది పవర్‌లూమ్ కాదని మీరు వేరే చెప్పక్కర్లేదు. ఫొటోలు ట్యూబ్‌లైట్ కింద తీస్తే రంగు మారి కనిపించి తర్వాత గొడవలొస్తాయి. గుమ్మం దగ్గర, ఎండ నేరుగా పడని వెలుతురులో, అంచు దగ్గరగా ఒకటి, చీర తిరగేసి ఒకటి, కొంగు ఒకటి తీయండి. ధర అక్కడే రాసేయండి. ‘ధర కోసం ఇన్‌బాక్స్‌కి రండి’ అంటే అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

యూట్యూబ్ ఆరు నెలల తర్వాత చూడొచ్చు. అసలైన మంగళగిరి చీర ఎలా గుర్తుపట్టాలో చెప్పే వీడియో ఒక్కటి మంచిది చేసి పెడితే అది ఏళ్ల తరబడి వెతికేవాళ్లకు దొరుకుతుంది, ఎవరైనా అడిగినప్పుడల్లా ఆ లింకు పంపొచ్చు. టెలిగ్రామ్, ఎక్స్ జోలికి వెళ్లకండి. ఇంకో మాట, మాస్టర్ వీవర్‌తో ఒక్కసారిగా తెంచుకోకండి, ముందు ఒక్క మగ్గం సొంత అమ్మకానికి తిప్పండి. డబ్బు పంపామని స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్లుంటారు, అది చూసి పార్సిల్ కట్టొద్దు, మీ ఖాతాలో పడిందో లేదో చూసుకోండి. మీరు నేసిన చీరకు మీరే ధర కట్టుకునే రోజు రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ప్రశ్న: కరీంనగర్‌లో ఏసీలు, ఫ్రిజ్‌లు రిపేర్ చేస్తాను. షాపు లేదు, ఇంటి నుంచే వెళ్తాను. రోజుకో రీల్ చేస్తే పని పెరుగుతుందని దోస్తులు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: రీల్స్ పక్కన పెట్టండి తమ్ముడూ. మే నెల మధ్యాహ్నం ఏసీ ఆగిపోయినవాడు ఇన్‌స్టాగ్రామ్ చూస్తూ కూర్చోడు, ఫోను తీసి గూగుల్‌లో ‘ఏసీ రిపేర్ కరీంనగర్’ అని కొడతాడు. మీరు అక్కడ కనపడాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరవండి, ఉచితం. షాపు లేకపోయినా ఫరవాలేదు, ఇంటి అడ్రసు దాచేసి మీరు వెళ్లే ఏరియాలు మాత్రం పెట్టుకోవచ్చు. ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, లిస్టింగ్‌కి ఇంత కట్టండి’ అని ఫోన్ వస్తే పెట్టేయండి, దానికి గూగుల్ డబ్బు తీసుకోదు. ఇక మీ అసలు బలం రివ్యూలు. ఏసీ చల్లబడి ఇంటివాళ్ల మొహం వెలిగిన ఆ పది నిమిషాల్లోనే మీ ప్రొఫైల్‌లో రివ్యూ రాసే లింకు పంపి, ‘రెండు మాటలు రాయండి అన్నా’ అని అడగండి, మర్నాటికి మర్చిపోతారు. చుట్టాలతో రాయించొద్దు, డబ్బిచ్చి అసలే కొనొద్దు, దొరికితే గూగుల్ తీసేస్తుంది, చదివేవాళ్లకూ తెలిసిపోతుంది. ఎవరైనా తిడుతూ రాస్తే కోపం చూపించకుండా ఏం జరిగిందో, మీరేం చేస్తారో మర్యాదగా కింద రాయండి. కొత్తగా పిలిచేవాళ్లు ముందు చదివేది అదే.

ప్రశ్న: ఫేస్‌బుక్‌లో ‘బూస్ట్ పోస్ట్’ అని పదే పదే వస్తోంది. మాది చిన్న టిఫిన్ సెంటర్. నొక్కాలా?
– ఒక పాఠకుడు

జవాబు: ఇప్పుడే వద్దు. బూస్ట్ అంటే డబ్బు కట్టి మీ పోస్టును ఎక్కువమందికి చూపించడం. డబ్బు పెట్టకుండానే బాగా నడిచిన పోస్టు ఏదైనా ఉంటే దానికే పెట్టండి, నడవని పోస్టును డబ్బు నడిపించలేదు. పెట్టేటప్పుడు లైకుల కోసం కాకుండా మెసేజ్‌లు, కాల్స్ కోసం అని ఎంచుకోండి, ఊరంతా కాకుండా మీ సెంటర్ చుట్టూ నాలుగైదు కిలోమీటర్లే పెట్టుకోండి. మీరు వేసిన మొత్తం మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, అదీ లెక్కలో ఉంచుకోండి. ఆ వారం కొత్తగా వచ్చినవాళ్లను, ఇడ్లీ ప్లేటు అందించేటప్పుడే, ఎక్కడ చూసి వచ్చారని అడిగి రాసుకోండి. ఫేస్‌బుక్ అని చెప్పేవాళ్లు లేకపోతే ఆపేయండి.