మీరు అడిగారు: నోరు తెరవగానే పోల్చుకునే అమెరికా గొంతులు

ప్రశ్న: జాజ్ గాయకుడు, ట్రంపెట్ వాద్యకారుడు లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ గానీ, కంట్రీ గాయకుడు జానీ క్యాష్ గానీ ఒక్క మాట పాడితే చాలు, ఎవరో తెలిసిపోతుంది. అది శ్రుతి వల్లా, ఇంకేదైనానా? (విజయనగరం)

జవాబు: శ్రుతి వల్ల కాదండీ. ఒకే షడ్జం (స) ఇద్దరు పలికినా రెండు గొంతులుగానే వినిపిస్తాయి. స్వరతంతువుల దగ్గర పుట్టిన నాదంలో అసలు స్వరంతో పాటు పై స్వరాలు కూడా ఉంటాయి. తంబురా మీటితే అంతర గాంధారం (గ) దానంతటదే వినిపిస్తుంది చూడండి, అలాంటివి. గొంతు, నోరు, ముక్కు ఆకారాన్ని బట్టి వాటిలో కొన్ని పెరుగుతాయి, కొన్ని అణుగుతాయి. ఆ పాళ్లే గొంతు రంగు. పాత టెలిఫోన్ లైన్లు దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) వరకే మోసేవి. మగవాళ్ల మాట అసలు శ్రుతి 100, 120 దగ్గరే ఉంటుంది కాబట్టి అది ఫోన్లో రానే రాదు. అయినా ‘హలో’ అనగానే అన్నయ్యో, బాబాయో తెలిసిపోయేది.

అయితే రంగు సగమే. మాటను ఎక్కడ అందుకుంటారు, ఎక్కడ ఊపిరి తీస్తారు, ఏ హల్లును నొక్కుతారు అన్నది మిగతా సగం. నా లెక్కలో ఎక్కువగా పట్టిచ్చేది అదే. కింది జవాబు చూడండి.

ప్రశ్న: జాజ్ గాయని బిల్లీ హాలిడే గొంతు చిన్నది, పెద్దగా పైస్థాయికీ వెళ్లదు. ఆమెను అంత గొప్పగా ఎందుకు చెప్తారు? (రాజమండ్రి)

జవాబు: మీరు విన్నది నిజమే, ఆమె పాట ఒక స్థాయి (స నుంచి పై స వరకు) కంటే కాస్త ఎక్కువ మేరలోనే తిరుగుతుంది. ఆమె గొప్పతనమంతా లయలో ఉంది. 1935 నుంచి పియానిస్టు టెడ్డీ విల్సన్ బృందంతో చేసిన రికార్డుల్లో ఒకటి తీసుకోండి. మొదటిసారి ఆమెను పట్టించుకోకుండా బేస్ (లోతుగా మోగే పెద్ద తీగ వాద్యం) మీదే చెవి పెట్టి, నాలుగు దెబ్బల లెక్కతో తాళం వేయండి. చెయ్యి కుదిరాక, తాళం ఆపకుండా రెండోసారి మాటలు వినండి. దెబ్బ మీద పడాల్సిన మాట పడదు, కాస్త ఆగి వస్తుంది. తర్వాతి మాట ఇంకొంచెం ఆగుతుంది. పాదం చివరికి వచ్చేసరికి రెండు మూడు మాటలు గబగబా సర్ది, వాద్యాలను అందుకుంటుంది. వాద్యాలు మాత్రం ఆమె కోసం ఒక్క క్షణం కూడా ఆగవు.

అనుకరించేవాళ్లు తప్పేది ఇక్కడే. ప్రతి మాటనూ ఒకే కొలతలో ఆలస్యం చేస్తారు. అప్పుడది లయ తప్పినట్టే ఉంటుంది. ఆమె ఆలస్యం పాదం పాదానికీ మారుతుంది, బాకీ మాత్రం పాదం లోపలే తీరిపోతుంది. వెనకాల లెస్టర్ యంగ్ శాక్సోఫోన్ ఉన్న రికార్డులైతే ఇద్దరినీ మార్చి మార్చి వినండి. ఆమెను ‘లేడీ డే’ అన్నది ఆయనే. ఇద్దరిదీ ఒకటే నడక.

ఆమెను పట్టిచ్చేది లయేననడానికి పెద్ద రుజువు 1958 నాటి ఆల్బమ్ ‘లేడీ ఇన్ సాటిన్’. అప్పటికి గొంతు చితికిపోయింది, నాదంలో జీర వచ్చింది. మరుసటి ఏడాదే, 44 ఏళ్లకు, ఆమె పోయింది. పాత రంగు దాదాపు లేదు, కానీ రెండు పాదాలు వింటే ఆమే. మాట వేసే వేళ మారలేదు.

ప్రశ్న: ‘ఐ వాక్ ద లైన్’లో జానీ క్యాష్ ప్రతి చరణానికీ ముందు ‘మ్‌మ్’ అని మూలుగుతాడెందుకు? (ఖమ్మం)

జవాబు: కొత్త శ్రుతి పట్టుకోవడానికి. 1956లో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో రికార్డు చేసిన ఈ పాటలో చరణం చరణానికీ ఆధార శ్రుతి మారుతుంది. పాశ్చాత్య స్వరాల పేర్లలో మొదటిది ఎఫ్, తర్వాత బి ఫ్లాట్, ఆపైన ఇ ఫ్లాట్, మళ్లీ అదే దారిన వెనక్కి. మన లెక్కలో చెప్పాలంటే పోయేటప్పుడు ప్రతిసారీ పాత శుద్ధ మధ్యమమే (మ) కొత్త షడ్జం. చివరి చరణానికి మొదటి మాటలే మళ్లీ వస్తాయి, కానీ ఒక స్థాయి కిందికి దిగి పాడతాడు. ఆ మూలుగు తీసేసి పాడి చూడండి, రెండో చరణంలోనే జారిపోతారు. మీ మగగొంతుకు ఆ చివరి మంద్రం అందకపోతే గొంతు అదమకండి. అదిమితే శ్రుతి పోయి కిర్రుమనే శబ్దమే మిగులుతుంది. పాట మొత్తాన్నీ హార్మోనియం మీద రెండు మెట్లు పైకి జరుపుకోండి.

టకటకమనే ఆ చప్పుడు డ్రమ్ముది కాదు. బృందంలో డ్రమ్మర్ లేడు. గిటార్ తీగల మధ్య కాగితం దూర్చి క్యాషే వాయించాడు. మడిచిన కాగితంతో మీరూ చేయొచ్చు.

ప్రశ్న: సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ తిప్పే సంగతులు మన గమకాలేనా? (హైదరాబాద్)

జవాబు: దగ్గరివే, ఒకటి మాత్రం కాదు. గమకంలో స్వరం పక్క స్వరానికి ఊగుతుంది, జారుతుంది. ఆమె ఒకే అచ్చు మీద విడివిడి మెట్లు దిగుతుంది, ఎక్కువగా ఐదు స్వరాల వరుసలో. 1972 జనవరిలో లాస్ ఏంజెలెస్ చర్చిలో పాడిన భక్తిగీతం ‘అమేజింగ్ గ్రేస్’ పది నిమిషాలకు పైనే సాగుతుంది. అందులో ఒక్క పాదం సగం వేగంలో పెట్టి, దిగిన ప్రతి మెట్టుకూ వేలు మడవండి. స్వరాలు విడివిడిగా వినిపిస్తాయి.

ప్రశ్న: ఆర్మ్‌స్ట్రాంగ్‌లా బొంగురుగా పాడటం సాధన చేస్తున్నాను. ప్రమాదమా? (గుంటూరు)

జవాబు: ఒకటి రెండు పాదాలు సరదాకైతే ఫర్వాలేదు, రోజూ సాధనగా వద్దు. అలా గరగరలాడించేటప్పుడు స్వరతంతువుల పైనున్న మడతలు కూడా నొక్కుకుని అదురుతాయి. బలవంతం చేస్తే కిందున్న అసలు తంతువులు వాస్తాయి. నొప్పి, దురద, మర్నాడు పైస్వరాలు పలకకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆపేయండి. బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి. ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గర నేర్చుకోవాల్సింది ఆ గరగర కాదు. పాడటం ఆపి ట్రంపెట్ అందుకున్నా అదే విరుపు, అదే పొడుగు వినిపిస్తాయి. 1926 నాటి ‘హీబీ జీబీస్’ పాటలో అర్థం లేని అక్షరాలతో పాడిన భాగాన్ని మామూలు గొంతుతో, తాళం వేస్తూ పలికి చూడండి.