టీమ్ చెదిరిపోతోంది, లీడ్‌గా తప్పుకోవాలా?

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈ ఏడాది కాలేజీ రోబోటిక్స్ టీమ్‌కి నన్ను లీడ్‌గా పెట్టారు. నెల తిరక్కుండానే మా గైడ్ సర్ వేరే కాలేజీకి వెళ్లిపోయారు, పోటీ నిబంధనలు మారడంతో మేం చేసిన డిజైన్ సగం పనికిరాకుండా పోయింది, సీనియర్లు ఇంటర్న్‌షిప్‌లకు వెళ్లిపోయారు. ఇద్దరు టీమ్ మానేశారు, ఉన్నవాళ్లు వాట్సాప్ గ్రూప్‌లో సణుగుతున్నారు. నేను ఎక్కువగా మాట్లాడే మనిషిని కాదు. మరోవైపు ఏఐ వల్ల మా ఉద్యోగాలు ఏమవుతాయో అని టెన్షన్. ఇదంతా వదిలేసి నా చదువు, నా స్కిల్స్ చూసుకుంటే మంచిదా మేడమ్?

జవాబు: చూడమ్మా, ఇప్పుడే తప్పుకోవద్దు. ఒక ఆరు వారాలు ఆగి, అప్పుడు నిర్ణయం తీసుకో. మొండిగా అక్కడే ఉండిపొమ్మని అనడం లేదు, ఏ సందర్భంలో తప్పుకోవచ్చో కూడా కింద చెప్తాను. కానీ టీమ్‌ని నడపడం ఒక పని, నీ ఎదుగుదల ఇంకో పని, రెండిటికీ టైమ్ చాలదు అన్నట్టు రాశావు చూడు, అక్కడే నాకు అభ్యంతరం. నువ్వు ఏ భవిష్యత్తు గురించి భయపడుతున్నావో, అదే పరిస్థితి ఇప్పుడు చిన్న సైజులో నీ ముందుంది. మధ్యలో రూల్స్ మారిపోయాయి, నేర్పేవాళ్లు లేరు, చేసిన పని వృథా అయింది, పక్కవాళ్లు డీలా పడ్డారు. రేపు ఉద్యోగంలో ఇవే వస్తాయి, అప్పుడు తప్పు చేస్తే ఖరీదు ఎక్కువ. ఇక్కడ చేస్తే మహా అయితే ఒక పోటీ పోతుంది.

ఎక్కువ మాట్లాడను అన్నావు. దాని గురించి నాకు బెంగ లేదు. అంతా తారుమారైనప్పుడు టీమ్ నీ నుంచి ఉపన్యాసాలు కోరుకోదు, రేపు పొద్దున ఏం చేయాలో చెప్పే మనిషిని కోరుకుంటుంది. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఫ్రాంక్ వైల్డ్, ధ్రువ యాత్రికుడు షాకిల్టన్‌కి కుడిభుజం లాంటి మనిషి. అంటార్కిటికా యాత్రకు వెళ్లిన షాకిల్టన్ ఓడ ‘ఎండ్యూరెన్స్’ 1915లో మంచులో నలిగి మునిగిపోయింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో షాకిల్టన్ అయిదుగురిని తీసుకుని సాయం కోసం చిన్న పడవలో బయల్దేరాడు, మిగిలిన 22 మంది ఎలిఫెంట్ ఐలాండ్‌లో వైల్డ్ చేతిలో ఉండిపోయారు. తలకిందులుగా బోర్లించిన రెండు పడవలే వాళ్లకి ఇల్లు. ఎప్పుడొస్తారో, అసలు వస్తారో రారో ఎవరికీ తెలియదు. అయినా వైల్డ్ రోజూ పొద్దున్నే, బాస్ ఇవాళ రావచ్చు, మీ పడకలు చుట్టి సిద్ధంగా ఉండండి అనేవాడట. నాలుగు నెలలు దాటాక, ఆగస్టు 30న ఓడ వచ్చింది, 22 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఇందులో నువ్వు గమనించాల్సింది ఏమిటంటే, ఫలానా రోజున వస్తారు అని వైల్డ్ ఎప్పుడూ మాట ఇవ్వలేదు, ఇచ్చి ఉంటే ఆ రోజు దాటగానే అతని మాటకి విలువ పోయేది. తన చేతిలో లేనిదాని గురించి హామీ ఇవ్వకుండా, తన చేతిలో ఉన్న ఆ పొద్దుటి పనిని మాత్రం ఒక్కరోజు కూడా తప్పనివ్వలేదు.

నీ విషయానికొస్తే, గైడ్ వెళ్లిపోయాక గ్రూప్‌లో నువ్వు ఏం పెట్టావో రాయలేదు. చాలామంది లీడ్‌లు పెట్టేది ‘డోంట్ వర్రీ గైస్, అంతా సెట్ అవుతుంది’ అని. ఆ మాట ఎవరినీ ఊరడించదు, నీకూ ఏమీ తెలియదని మాత్రం అందరికీ అర్థమవుతుంది. దాని బదులు ఇలా పెట్టి చూడు: ‘సర్ వెళ్లిపోయారు, కొత్త గైడ్ ఎవరో నాకింకా తెలియదు. బుధవారం హెచ్‌ఓడీ గారిని కలుస్తున్నాను. ఆ సాయంత్రం 6 గంటలకి, ఏదైనా తేలినా తేలకపోయినా, ఇక్కడే చెప్తాను. పాత డిజైన్‌లో మోటార్ మౌంటింగ్, బ్యాటరీ భాగం కొత్త రూల్స్‌కి కూడా సరిపోతాయి, వాటి టెస్టింగ్ రేపటి నుంచి మొదలు.’ తెలిసింది, తెలియనిది, మళ్లీ ఎప్పుడు చెప్తావు, ఈలోగా ఏం చేయాలి, అన్నీ నాలుగు ముక్కల్లో వచ్చేశాయి. బుధవారం 6 గంటలకి చెప్పడానికి ఏమీ లేకపోతే, ఏమీ తేలలేదు అని 6 గంటలకే చెప్పు. ఆలస్యంగా వచ్చే శుభవార్త కన్నా టైముకి వచ్చే ‘ఇంకా తెలియదు’ నమ్మకం పెంచుతుంది.

ఇక గ్రూప్‌లో సణుగుడు. ఎవరో ఒకరు రాత్రి పదకొండింటికి ‘ఈ టీమ్ పని అయిపోయింది’ అని పెడతారు, నువ్వు చదువుతావు, ఒళ్లు మండుతుంది, ఏదో టైప్ చేస్తావు, పొద్దున లేచి ఎందుకు పెట్టానా అనుకుంటావు. మనం ఎలా ఉండాలనేది ఆ క్షణంలో తేల్చుకోలేం, ముందే తేల్చుకుని ఉంచుకోవాలి. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ ఈ పద్ధతి మీదే చాలా పని చేశారు: ‘ఇలా జరిగితే, నేను ఇలా చేస్తాను’ అని సందర్భాన్నీ, చేయాల్సిన పనినీ కలిపి ముందే వాక్యంగా రాసుకోవడం. 2006లో ఆయనా, పాస్కల్ షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలు ఒకచోట చేర్చి చూస్తే, ఊరికే లక్ష్యం పెట్టుకున్నవాళ్ల కన్నా ఇలా రాసుకున్నవాళ్లు అనుకున్నది చేయడం బాగా ఎక్కువగా కనిపించింది. ‘ఓపికగా ఉంటాను’ అని రాసుకుంటే లాభం లేదమ్మా, ‘గ్రూప్‌లో కోపం తెప్పించే మెసేజ్ వస్తే అక్కడ జవాబు ఇవ్వను, మర్నాడు ఆ మనిషికి ఫోన్ చేస్తాను’ అని రాసుకో. ‘మీటింగ్‌లో నాకు తెలియనిది ఎవరైనా అడిగితే, తెలియదు అని చెప్పి ఎప్పటికి కనుక్కుంటానో చెప్తాను’ అని రాసుకో. ఇలాంటివి రెండో మూడో చాలు. పది రాసుకుంటే ఒక్కటీ గుర్తుండదు.

ఇంకో సంగతి, టీమ్‌లో తప్పులు ఎక్కువ బయటపడుతున్నాయని కంగారుపడకు. హార్వర్డ్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాల మీద పరిశోధన చేసినప్పుడు, బాగా నడిచే బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదవుతున్నట్టు కనిపించింది. వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం వల్ల కాకపోవచ్చు, జరిగింది దాచకుండా చెప్పగలుగుతున్నారు కాబట్టి అని ఆమె గ్రహించారు. ఒక జూనియర్ వచ్చి ‘అక్కా, డ్రైవర్ బోర్డ్ కాల్చేశాను’ అంటే నీ మొదటి మాట ‘ఎలా కాల్చావ్’ అయితే, రెండో బోర్డ్ కాలినప్పుడు ఎవరూ నీ దగ్గరికి రారు. చెప్పినందుకు థాంక్స్, ఇప్పుడు స్పేర్ ఎక్కడుంది అని అడుగు. ఎందుకు కాలిందో తీరిగ్గా తర్వాత అందరూ కలిసి చూసుకోవచ్చు.

నీ సొంత ఎదుగుదల గురించి అడిగావు కదా, దీనికి రోజుకో గంట అక్కర్లేదు. మేనేజ్‌మెంట్ మీద ఎన్నో పుస్తకాలు రాసిన పీటర్ డ్రకర్ చెప్పిన ఒక అలవాటు ఉంది: ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడల్లా ఏం జరుగుతుందని ఆశిస్తున్నావో రాసిపెట్టు, 9 నుంచి 12 నెలలయ్యాక జరిగిందానితో పోల్చుకో. నీకు అంత టైమ్ లేదు, ఆరు వారాలకే పోల్చుకో. ఎక్కడ అంచనా సరిగ్గా వచ్చింది, ఎక్కడ తప్పింది, మనుషుల విషయంలో తప్పుతున్నావా, టైమ్ విషయంలో తప్పుతున్నావా, నీ రాతలోనే తెలిసిపోతుంది. రేపు ఇంటర్వ్యూలో ‘కష్టమైన పరిస్థితిలో మీరేం చేశారు’ అని అడిగితే, ఎవరో రాసిచ్చిన జవాబు అప్పజెప్పనక్కర్లేదు, నీ నోట్‌బుక్‌లోనే ఉంటుంది. ఏఐ గురించి భయం నాకు అర్థమవుతుంది. ఏ టూల్ నిలబడుతుందో, ఏది పోతుందో చెప్పే సాహసం నేను చేయను. కాకపోతే రూల్స్ మారిన డిజైన్‌ని మళ్లీ గీసుకోవడం ఈ ఆరు వారాల్లో నువ్వు ఎలాగూ చేస్తావు, ఆ పనిలో ఒక కొత్త టూల్ వాడి చూడు. టెన్షన్ పడే బదులు చేత్తో చేసి తెలుసుకున్నట్టు ఉంటుంది.

ఇక ఎప్పుడు తప్పుకోవచ్చంటే, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, సబ్జెక్టులు తప్పే పరిస్థితి వచ్చినా, ఆరు వారాలు నిజాయితీగా చేశాక కూడా ఎవరూ కదలకపోయినా తప్పుకో, అందులో తప్పేం లేదు. ఆ నిద్ర సంగతి మాత్రం ఆరు వారాలు కూడా ఆగనివ్వకు, వెంటనే ఇంట్లోవాళ్లకో కాలేజీ కౌన్సిలర్‌కో చెప్పు. అయితే తప్పుకోవడం రాత్రికి రాత్రి గ్రూప్ నుంచి ఎగ్జిట్ కొట్టి కాదు. తేదీ చెప్పి, ఏ పని ఎక్కడిదాకా వచ్చిందో రాసిచ్చి, తర్వాతి మనిషితో ఒక వారం కూర్చుని వెళ్లు. అంతకుముందు కో-లీడ్‌ని పెట్టుకోవడం ప్రయత్నించు, షెడ్యూల్, కొనుగోళ్లు నువ్వు చూసుకుని టెక్నికల్ నిర్ణయాలు ఇంకొకరికి ఇస్తే సగం బరువు దిగుతుంది. ఈ మాట హెచ్‌ఓడీ గారిని కలిసినప్పుడే అడిగేయ్.

ఈ వారంలో మానేసిన ఆ ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చెయ్. వెనక్కి రమ్మని బతిమాలడానికి కాదు, ఎందుకు మానేశారో వినడానికి. మధ్యలో సంజాయిషీ ఇవ్వకు, చెప్పింది మొత్తం విను, ఫోన్ పెట్టేశాక రాసుకో. ఇద్దరూ ఒకే మాట చెప్తే, ఉన్నవాళ్లతో పెట్టే మొదటి మీటింగ్‌లో దాంతోనే మొదలుపెట్టు.