మూడు రోజుల సెలవులో పుదుచ్చేరి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: జనవరి 26 కలిసిరావడంతో మాకు వరుసగా మూడు రోజుల సెలవు దొరికింది. మావారు, నేను, తొమ్మిదేళ్ల పాప, పద్నాలుగేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యగారు కలిసి పుదుచ్చేరి వెళ్లాలనుకుంటున్నాము. ‘అక్కడ మద్యం దుకాణాలు తప్ప ఏముంటాయి?’ అని అత్తయ్యగారు సందేహిస్తున్నారు. మహాబలిపురం, ఆరోవిల్, బీచ్‌లు, బోటు షికారు అన్నీ మూడు రోజుల్లో సర్దుకోగలమా?
– ఒక గృహిణి, కావలి

సమాధానం: సర్దుకోలేరు, సర్దుకోవాలని ప్రయత్నించవద్దు కూడా. కావలి నుంచి చెన్నైకి సుమారు 230 కిలోమీటర్లు, అక్కడి నుంచి తూర్పు తీర రహదారిలో మరో 150. మొదటి రోజు ప్రయాణానికే పోతుంది. అత్తయ్యగారి మోకాళ్లను దృష్టిలో పెట్టుకుని చెన్నై వరకు రైలులో వెళ్లి, అక్కడ కారు మాట్లాడుకోవడం మంచిదని నా అభిప్రాయం. మహాబలిపురాన్ని తిరుగు ప్రయాణానికి ఉంచుకుని, ఓపిక ఉంటే తీరాలయం ఒక్కటి చూడండి.

రెండో రోజంతా పాత ఊరికే ఇవ్వండి. సముద్రపు ఒడ్డు రోడ్డు మీదికి సాయంత్రం నుంచి మర్నాడు ఉదయం దాకా వాహనాలను రానివ్వరు. కనుక తెల్లవారుజామున మీ అత్తయ్యగారు కూడా నిశ్చింతగా నాలుగడుగులు వేసి, గాంధీ విగ్రహం దగ్గర కూర్చుని సూర్యోదయం చూడవచ్చు. 1836లో తొలిసారి వెలిగిన పాత దీపస్తంభం అక్కడికి దగ్గరే. ఆ ఒడ్డున చాలాచోట్ల బండరాళ్లు కాబట్టి పిల్లలను నీళ్లలోకి దిగనివ్వవద్దు.

వీధులు చూసే ముందు పిల్లలకు వాటి కథ చెప్పండి. 1674లో ఫ్రెంచివారు ఇక్కడ స్థిరపడ్డారు. 1693లో డచ్చివారు ఊరిని పట్టుకుని 1699 దాకా ఏలారు. నేటికీ కనిపించే, గళ్లు గీసినట్టున్న వీధుల అమరికకు పునాది ఆ ఆరేళ్లలోనే పడింది. 1761లో ఇంగ్లీషువారు ముట్టడించి గెలిచి, కోటతో సహా ఊరిని నేలమట్టం చేశారు. అందుచేత ఎవరైనా ఒక మేడను చూపించి ఫ్రెంచి గవర్నరు డూప్లే నివసించిన భవనమని చెబితే నమ్మవద్దు. ఇప్పుడున్న ఫ్రెంచి మేడలు ఆ విధ్వంసం తరువాత కట్టుకున్నవే. కూలిన ఊరిని పాత గీతల మీదనే మళ్లీ కట్టుకున్నారన్న సంగతి తెలిస్తే, మీ బాబు ఆ పసుపు రంగు గోడలను ఫొటోల కోసం మాత్రమే చూడడు.

పాత ఊరి నడుమ ఉన్న కాలువకు తూర్పున ఫ్రెంచి మేడలు, పడమట తమిళుల ఇళ్లు. చాలామంది తూర్పు వైపు మాత్రమే తిరిగి వచ్చేస్తారు. అది పెద్ద లోటు. పడమటి వీధుల్లో బాటసారి కూర్చోవడానికి వీధివైపు అరుగులు, లోపల మండువా ఉన్న పాత ఇళ్లు మీ అత్తయ్యగారికి తన పుట్టింటినే గుర్తుకు తేవచ్చు. డూప్లే వద్ద దుబాసీగా, అంటే రెండు భాషల మధ్య మాట అందించేవాడిగా పనిచేసి, 1736 నుంచి 1761 వరకు దినచర్య రాసిన ఆనందరంగ పిళ్లై ఇల్లు ఆ వైపునే ఉంది. తెలుగువారు ఆయనను ప్రత్యేకంగా తలుచుకోవాలి. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథానికి ఆయన పేరే పెట్టి ‘ఆనందరంగరాట్ఛందము’ అన్నాడు. ఫ్రెంచివారి పట్నంలో ఒక తమిళ ప్రముఖుని ఆదరణలో మన పద్య లక్షణాలను చర్చించే గ్రంథం పుట్టిందన్నది నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషం కలిగించే విషయం.

అత్తయ్యగారికి మణక్కుళ వినాయకుని దర్శనం చేయించండి. ఫ్రెంచివారు రాకముందు నుంచే ఉన్న గుడి అది. పక్కనే అరవిందాశ్రమం ఉంది. అరవిందులు 1910లో ఇక్కడికి వచ్చి చివరిదాకా ఇక్కడే ఉన్నారు. సమాధి వద్ద మౌనం పాటించాలి. మద్యం దుకాణాలు ఉన్నమాట నిజమే గాని, ఈ దారిలో తిరిగేవారికి అవి అడ్డురావు.

ఆరోవిల్ విషయంలో ఒక జాగ్రత్త. అక్కడ బంగారు గోళంలా కనిపించే ధ్యానమందిరం, మాతృమందిరం లోపలికి పదేళ్లలోపు పిల్లలను అనుమతించరు, పెద్దలు కూడా ముందుగా నమోదు చేసుకోవాలి. మీ పాపను బయట నిలబెట్టి మిగిలినవారు లోపలికి వెళ్లడం నాకు నచ్చదు. ఆ బంగారు గోళాన్ని దూరంగా ఉన్న వీక్షణ స్థలం నుంచి అందరూ కలిసి చూస్తే చాలు. బోటు షికారును ఈసారికి వదిలేయండి. బసను మాత్రం ఇప్పుడే ఖరారు చేసుకోండి. ఇలాంటి సెలవుల్లో చెన్నై, బెంగళూరు జనం అంతా అక్కడే ఉంటారు.

ప్రశ్న: పుదుచ్చేరి దగ్గరి ప్రాచీన రేవు అరికమేడు చూడడానికి పిల్లలను తీసుకువెళ్లడం దండగ అంటున్నారు. నిజమేనా?
– ఒక ఉపాధ్యాయుడు, ఒంగోలు

సమాధానం: స్థలం మాత్రమే చూస్తే పిల్లలు నిరాశపడతారు. అక్కడ పైకి కనిపించే గోడలు 18వ శతాబ్దపు క్రైస్తవ మిషను భవనానివి, రోమన్లవి కావు. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వకాల్లో బయటపడిన ఇటలీ మట్టిపాత్రల పెంకులే ఆ రేవుకు రోముతో ఉన్న వర్తకాన్ని రుజువు చేశాయి. కనుక ముందుగా భారతి పార్కు సమీపంలోని మ్యూజియంలో అరికమేడు వస్తువులు, పూసలు చూపించండి. అక్కడ నిలబడి మన జిల్లాల కథ కూడా చెప్పండి. 1780ల్లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న ఒక రైతు నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. తవ్విచూస్తే పాడుబడిన చిన్న గుడి, దాని కింద ఒక ముంత, ఆ ముంతలో ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తుల కాలపు రోమన్ బంగారు నాణేలు దొరికాయి. ఇది విన్న తరువాత పిల్లలు అరికమేడు వెళదామని తామే అడిగితే, అప్పుడు తీసుకువెళ్లండి.