సోమవారానికి బండి సిద్ధంగా ఉండాలి

కారులో సొంతంగా సౌండ్ సిస్టమ్ కూర్చుకుంటున్నవాళ్లు పంపిన ప్రశ్నలివి. అడిగినవాళ్లలో ఎక్కువమంది చిన్న దుకాణాలు నడుపుకునేవాళ్లే. ఆదివారం విప్పిన కారు సోమవారం పొద్దున సరుకు వేసుకుని బయల్దేరాలి. ఆ ఇబ్బందిని మనసులో పెట్టుకునే జవాబులు రాశాం.

ప్రశ్న: మాది ఫ్లెక్స్, స్టిక్కర్ల షాపు. పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా నేనే ఉండాలి. చిన్న హ్యాచ్‌బ్యాక్ ఉంది, డెలివరీలకీ ఇంటికీ అదే. కంపెనీ టచ్‌స్క్రీన్ స్టీరియో తీయకుండా మంచి సిస్టమ్ బిగించుకోవాలని ఉంది. ఆదివారం మధ్యాహ్నం తప్ప ఖాళీ ఉండదు. 6 నెలల్లో 45 వేలు సర్దగలను. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?
— ఏలూరు పాఠకుడు

జవాబు: అందరూ ఊఫర్ (బేస్ కోసం వేసే పెద్ద స్పీకర్) దగ్గర మొదలుపెడతారు. మీరు వైరు దగ్గర మొదలుపెట్టండి. ఊఫర్ ముందు కొంటే దానికి ఆంప్ (సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్) కావాలి, ఆంప్‌కి పవర్ లైను కావాలి, ఒక్క మధ్యాహ్నంలో ఇవన్నీ తెమలవు. సగం విప్పిన సీట్లతో సోమవారం డెలివరీకి వెళ్లాల్సి వస్తుంది. ఏ ఆదివారం పని ఆ ఆదివారమే మూత పడేలా విడగొట్టుకోండి. డబ్బు కూడా వాటాలుగానే వేసుకోండి. వైరింగుకి 7 వేలు, డోర్ల రేకు మోత ఆపడానికి వేసే డ్యాంపింగ్ షీట్లకి 6 వేలు, ముందు స్పీకర్లకి 11 వేలు, ఆంప్‌లకి 12 వేలు, ఊఫర్‌కీ పెట్టెకీ కలిపి 9 వేలు. ధరలు ఊరినిబట్టి మారతాయి, ఈ నిష్పత్తి మాత్రం మార్చకండి.

మొదటి ఆదివారం పవర్ లైను. ముందు ఎంత కరెంటు కావాలో లెక్క చూసుకోవాలి. ముందు డోర్లకి 4 ఛానళ్ల ఆంప్, ఛానల్‌కి 60 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) అంటే మొత్తం 240. ఊఫర్‌కి 300 వాట్ల మోనో (ఒకే ఛానల్) ఆంప్. క్లాస్ డి రకం ఆంప్‌లు తీసుకున్న కరెంటులో సుమారు 80 శాతాన్నే స్పీకర్లకి ఇస్తాయి. కాబట్టి 540ని 0.8తో భాగిస్తే 675 వాట్లు, ఇంజను నడిచేటప్పుడు ఉండే 13.8 వోల్టులతో భాగిస్తే 49 ఆంపియర్లు. పాటలో ఇంత కరెంటు క్షణకాలమే అవసరమవుతుంది, కానీ ఆ క్షణంలో వోల్టేజి పడిపోకూడదు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 5 మీటర్ల లైనులో 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే 0.7 వోల్టు దాకా దారిలోనే పోతుంది. 16 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 0.27 వోల్టు పోతుంది. ఊఫర్ 4 నెలల తర్వాత వచ్చినా సరే, ఇప్పుడే 16ది లాగేయండి. కార్పెట్లు రెండోసారి విప్పే పని తప్పుతుంది.

కొనేటప్పుడు ఒక పోగు బ్లేడుతో గీకి చూడండి. లోపల ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా ఉంటే రాగి పూత వేసిన అల్యూమినియం. అది తప్పక వాడాల్సి వస్తే అదే పనికి సుమారు ఒకటిన్నర రెట్లు లావు, అంటే 25 చదరపు మిల్లీమీటర్లది కావాలి. షాపుల్లో కిట్ల రూపంలో అమ్మే వైర్లలో ఇదే ఎక్కువ, పై తొడుగు లావు చూసి మోసపోవద్దు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ ఊడదీయండి. బ్యాటరీ పాజిటివ్ నుంచి 45 సెంటీమీటర్ల లోపు 60 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజు ఉన్నది ఆంప్‌ని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. దారిలో ఎక్కడైనా వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే బ్యాటరీలో ఉన్న శక్తంతా అక్కడే మంటవుతుంది. డిక్కీలో ఆంప్ పక్కన మాత్రమే ఫ్యూజు పెడితే మధ్యలోని 5 మీటర్లకీ రక్షణ లేనట్టే. ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య రేకులోంచి వైరు వచ్చేచోట రబ్బరు గ్రోమెట్ (వైరు ఒరుసుకోకుండా రంధ్రంలో పెట్టే వలయం) తప్పనిసరి. రెండో కొసకి లగ్గు (బోల్టుకి తగిలించే లోహపు రింగు) బిగించి, టేపు చుట్టి, డిక్కీలో కట్టేయండి. ఆంప్ వచ్చేదాకా ఫ్యూజు తీసి డాష్‌బోర్డు అరలో ఉంచండి. సోమవారం బండి మామూలుగానే వెళుతుంది.

రెండో ఆదివారం కుడి డోరు, మూడో ఆదివారం ఎడమ డోరు. ఒకే రోజు రెండూ పెట్టుకోవద్దు. మొదటి డోరుకి క్లిప్పులు విరగకుండా ట్రిమ్ (లోపలి ప్లాస్టిక్ పలక) తీయడం నేర్చుకునేసరికే గంట పడుతుంది, పది క్లిప్పులు అదనంగా కొని ఉంచుకోండి. బయటి రేకు లోపలివైపు థిన్నర్‌తో తుడిచి 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ (రబ్బరు రకం) డ్యాంపింగ్ షీటు అతికించి రోలర్‌తో గట్టిగా నొక్కండి. రేకంతా కప్పక్కర్లేదు, సగం కప్పితే మోత పోతుంది. లోపలి రేకుకున్న పెద్ద రంధ్రాలు మాత్రం మూయాలి. స్పీకర్ వెనక నుంచి వచ్చే గాలి ముందుకి చేరితే బేస్ రద్దయిపోతుంది, ముందు స్పీకర్లలో బేస్ లేదనుకునేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదే. రెండు డోర్లకీ కలిపి సుమారు 2 చదరపు మీటర్ల షీటు సరిపోతుంది. తారు షీటు వద్దు. రెంటచింతల ఎండలో నిలబెట్టిన కారు డోరు రేకు మీద అది కరిగి కిందికి జారుతుంది, కారంతా వాసన. డోరు అడుగున వాననీళ్లు పోయే సన్నటి రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి, మూస్తే రేకు తుప్పు పడుతుంది. సైడ్ ఎయిర్‌బ్యాగులున్న కొన్ని కార్లలో డోరు లోపల గాలి పీడనాన్ని కనిపెట్టే సెన్సరు ఉంటుంది. మీ కారుకి ఉందేమో సర్వీసు సెంటర్లో అడిగాకే రంధ్రాలు మూయండి. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగువి, ముట్టుకోవద్దు.

స్పీకర్లు అదే రోజు బిగించేయొచ్చు. బిగించే ముందు అద్దం పూర్తిగా దించి, స్పీకర్ వెనక మ్యాగ్నెట్‌కి తగలట్లేదని చూడండి. వీటిని కొంతకాలం కంపెనీ స్టీరియో మీదే వినండి. డోర్లు బాగా మూసి ఉంటే, ఆంప్ రాకముందే తేడా తెలుస్తుంది.

నాలుగో విడత ఆంప్. స్టీరియో వెనక వైర్లు కోయొద్దు. మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ హార్నెస్ (కోయకుండా తగిలించే వైర్ల గుత్తి) కొని మధ్యలో పెట్టండి, వారంటీ గొడవ తగ్గుతుంది, రేపు కారు అమ్మేటప్పుడు తీసేయొచ్చు. స్పీకర్ సిగ్నల్‌ని నేరుగా తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న ఆంపే కొనండి. ఎర్త్ వైరు కూడా 16 చదరపు మిల్లీమీటర్లదే, 45 సెంటీమీటర్లు మించకుండా. బాడీ మీద పెయింటు రూపాయి బిళ్లంత మేర గీకి, మెరిసే రేకు మీద లగ్గు పెట్టి, నట్టు బోల్టుతో బిగించి, పైన గ్రీజు రాయండి. సీటు బెల్టు బోల్టుని ఎర్త్‌కి వాడకండి. అది ప్రాణం కాపాడే బోల్టు, దాని బిగింపు మార్చకూడదు.

ఊఫర్ చివరి విడత. దాని సంగతి కాకినాడ పాఠకుడికిచ్చిన జవాబులో చూడండి, పెట్టె కొలతలు మీ డిక్కీకీ పనికొస్తాయి.

ఇంకో మాట. ఇది మీ సొంత ముచ్చట, బిల్లులు షాపు లెక్కల్లో కలపకండి. సొంత వాడకానికి కొన్న వస్తువు మీద జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. సరుకు తిప్పే డబ్బుతో ఆంప్ కొంటే దీపావళి సీజన్‌కి ఫ్లెక్స్ రోల్స్ దగ్గర చేతులు కట్టేసినట్టవుతుంది. విడత వాయిదా వేసినా ఫర్వాలేదు, ప్రతి దశలోనూ కారు తిరుగుతూనే ఉంటుంది కదా.

ప్రశ్న: టిఫిన్ సెంటర్ నడుపుతాం. కారులో ఆంప్ పెట్టినప్పటినుంచీ యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో సన్నగా ఈల వస్తోంది. వేగం పెరిగితే ఈల కూడా పెరుగుతోంది. ఫోను ఆక్స్ వైరుతో కలిపి పాటలు పెడతాను.
— కరీంనగర్ పాఠకుడు

జవాబు: ఆ ఈల ఆల్టర్నేటర్‌ది. అందుకే ఇంజను వేగంతో పాటు స్వరం మారుతోంది. స్టీరియో ఎర్త్‌కీ ఆంప్ ఎర్త్‌కీ మధ్య కొద్దిపాటి వోల్టేజి తేడా ఉంటే ఆంప్ దాన్ని కూడా పాటేననుకుని పెంచి వినిపిస్తుంది.

కొత్త సామాను కొనకముందు చార్జర్ ఊడదీసి చూడండి. ఫోను చార్జింగులో ఉండి, ఆక్స్ వైరు కూడా తగిలించి ఉంటే ఆ రెండు వైర్ల మధ్యే ఎర్త్ చుట్టు ఏర్పడుతుంది. బ్లూటూత్‌లో ఈల రాకపోతే ఆంప్‌లో తప్పు లేనట్టే.

అప్పటికీ వస్తే ఆంప్ దగ్గర ఇన్‌పుట్ వైర్లు పీకండి. ఈల ఆగిపోతే స్టీరియో వైపు నుంచి వస్తోంది, ఆగకపోతే ఆంప్ పవర్, ఎర్త్ వైపు లోపం. ఎర్త్ పరీక్షకి మల్టీమీటరుని ఓమ్స్‌లో పెట్టకండి, ఇంత చిన్న నిరోధాన్ని మామూలు మీటర్లు సరిగా చూపవు. డీసీ వోల్టుల్లో పెట్టి, ఇంజను ఆన్ చేసి, పాట పెద్దగా పెట్టి, ఆంప్ ఎర్త్ టెర్మినల్‌కీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య చూడండి. 0.1 వోల్టు దాటితే బాడీ దగ్గర పెయింటు మిగిలిపోయిందో, లగ్గు వదులుగా ఉందో, లేక బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే కంపెనీ ఎర్త్ వైరే పాతబడిందో చూడాలి. సిగ్నల్ వైరు పవర్ వైరుతో కలిసి ఒకే పక్కన వస్తుంటే విడదీయండి, ఒకటి కుడి గుమ్మం కింద, ఇంకొకటి ఎడమ గుమ్మం కింద. ఈల ఆపుతుందని అమ్మే చిన్న ఐసొలేటర్ డబ్బీ ఆఖరి ఉపాయం. చౌకవి బేస్‌ని కూడా మింగేస్తాయి.

ప్రశ్న: ఊఫర్‌కి ఎండీఎఫ్ (చెక్క పీచుని నొక్కి చేసిన పలక) పెట్టె చేయించాను. ఏడాదికే అంచులు ఉబ్బి విచ్చుకున్నాయి. చేపల వలలు, తాళ్లు అమ్మే వ్యాపారం, డిక్కీలో తడి సరుకు కూడా పెడతాం. మళ్లీ ఎలా చేయించాలి?
— కాకినాడ పాఠకుడు

జవాబు: సముద్రపు గాలికీ తడి సరుకుకీ ఎండీఎఫ్ ఆగదు. కోసిన అంచు నీటిని పీల్చుకుంటుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి.

10 అంగుళాల ఊఫర్‌కి సీల్డ్ (గాలి బయటికి పోని) పెట్టె అయితే లోపల 18 నుంచి 21 లీటర్లు చాలా ఊఫర్లకి నప్పుతుంది. మీ ఊఫర్ కాగితంలో ఉన్న అంకెకే మొదటి విలువ ఇవ్వండి. 21 లీటర్లకి కొలతలు ఇవి: ముందు, వెనక పలకలు 37.6 × 33.6 సెంటీమీటర్లవి రెండు. పైన, కింద 37.6 × 22వి రెండు. పక్కలకి 30 × 22వి రెండు. లోపల 34 × 30 × 22 వస్తుంది, అంటే 22.4 లీటర్లు. ఊఫర్ ఆక్రమించే లీటరున్నర తీసేస్తే 21. రంపపు కోతతో సహా ఈ ఆరు పలకలూ 4 అడుగులకి 2 అడుగుల ముక్కలోనే వచ్చేస్తాయి. వడ్రంగికి పలకల కొలతలే ఇవ్వండి. పెట్టె కొలత చెబితే పలక మందం లోపలికో బయటికో తప్పు పడుతుంది.

ప్రతి అతుకుకీ జిగురు, 10 సెంటీమీటర్లకో స్క్రూ, లోపలి మూలలకి సిలికాన్. సిలికాన్ ఆరడానికి ఒక రోజు వదిలి, ఆ వాసన పోయాకే ఊఫర్ బిగించండి. లోపలా బయటా రెండు కోట్లు వార్నిష్ వేయించండి. ఊఫర్ బిగించాక కోన్‌ని మెల్లగా లోపలికి నొక్కి వదిలితే నిదానంగా వెనక్కి రావాలి. టక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి పోతోంది.

సరుకు వేసేటప్పుడు పెట్టె తీసేయాలి కాబట్టి స్పీకర్ వైరుకి కప్లర్ పెట్టించండి. పెట్టినప్పుడు మాత్రం డిక్కీ కొక్కేలకి బెల్టుతో కట్టి తీరాలి. ఊఫర్‌తో కలిపి 12 కిలోల దాకా ఉండే పెట్టె గట్టి బ్రేకుకి వెనక సీటు మీదికి దూకుతుంది, అక్కడ పిల్లలు కూర్చుంటారు.

ప్రశ్న: స్పీకర్లు 60 వాట్లవి, ఆంప్ కూడా అంతే. అయినా రెండు నెలల్లో రెండు ట్వీటర్లు (పై స్వరాలు వినిపించే చిన్న స్పీకర్లు) కాలిపోయాయి.
— నిజామాబాద్ పాఠకుడు

జవాబు: గెయిన్ ఎక్కువైంది. గెయిన్ వాల్యూమ్ బటన్ కాదు, స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌ని ఆంప్ ఎంత పెంచాలో సరిపెట్టే మర. ఆంప్ ఇవ్వగలిగినదానికి మించి అడిగితే అలల తలలు తెగి చదునవుతాయి, అలా తెగినచోట పుట్టే పై స్వరాల భారమంతా ట్వీటర్ మీద పడుతుంది. సెట్ చేయడానికి పావుగంట చాలు. స్పీకర్ వైర్లు ఊడదీయండి. ఈక్వలైజర్, బేస్ బూస్ట్ సున్నాలో పెట్టి, ఆంప్ ఫిల్టర్లు ఆపి, స్టీరియో వాల్యూమ్ ముప్పాతికకి పెట్టండి. 300 హెర్ట్‌జ్ టోన్ వేయండి, చౌక మల్టీమీటర్లు 400 దాటితే తప్పు చూపిస్తాయి. మీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి ఆంప్ స్పీకర్ టెర్మినళ్లకి తగిలించండి. 60 వాట్లని స్పీకర్ నిరోధం 4 ఓమ్స్‌తో గుణిస్తే 240, దాని వర్గమూలం 15.5. గెయిన్‌ని సున్నా నుంచి తిప్పుతూ మీటరు 15.5 చూపినచోట ఆపండి. ఊఫర్‌కి 50 హెర్ట్‌జ్ టోన్‌తో ఇదే పద్ధతి. 300 వాట్లు, 4 ఓమ్స్ అయితే 34.6 వోల్టులు, 2 ఓమ్స్ అయితే 24.5. తర్వాత ముందు స్పీకర్లకి 80 హెర్ట్‌జ్ కింద కోత, ఊఫర్‌కి 80 పైన కోత పెట్టండి.

ప్రశ్న: ఆదివారం కారు తీయకపోతే సోమవారం సెల్ఫ్ తీసుకోవడం లేదు. బ్యాటరీ కొత్తదే.
— నల్గొండ పాఠకుడు

జవాబు: ఆంప్‌ని ఆన్ చేసే రిమోట్ వైరుని తాళంచెవి బయటికి తీసినా కరెంటుండే లైనుకి కలిపేసి ఉంటారు. ఊరికే ఉన్న ఆంప్ ఒక ఆంపియర్ లాగినా 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ ఒకటిన్నర రోజులో ఖాళీ. తాళంచెవి తీసి, డోర్లు మూసి అరగంట ఆగాక ఆంప్ మీది లైటు వెలుగుతోందేమో చూడండి. వెలుగుతుంటే రిమోట్ వైరుని స్టీరియో రిమోట్ లైనుకో, యాక్సెసరీ లైనుకో మార్చండి. లైటు లేకపోయినా బ్యాటరీ దిగుతుంటే మల్టీమీటరుని 10 ఆంపియర్ల జాకులో పెట్టి బ్యాటరీ నెగెటివ్‌కీ దాని వైరుకీ మధ్య కలపండి. కారులోని కంప్యూటర్లు నిద్రపోవడానికి మళ్లీ అరగంట పడుతుంది. ఆ తర్వాత 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే మామూలే. ఎక్కువ చూపితే ఒక్కో ఫ్యూజూ తీస్తూ పోండి, అంకె పడిపోయిన ఫ్యూజు లైనులోనే లోపం. మీటరు కలిపి ఉండగా తాళం తిప్పి సెల్ఫ్ కొట్టకండి, మీటరు ఫ్యూజు పోతుంది.