హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగి మీద ఆధారపడిన భార్యకో భర్తకో ఇచ్చేది) మీద ఉన్న భార్య గృహహింస గురించి సాయం అడిగితే వీసా పోతుందా?

పోదు. అమెరికాలో మహిళా సహాయ సంస్థకు ఫోన్ చేసినంత మాత్రాన వీసా రద్దు కాదు, పోలీసు కేసూ అవదు. ఫెడరల్ నిధులు తీసుకునే గృహహింస సహాయ సంస్థలు, కోర్టు ఆదేశం లాంటి సందర్భాల్లో తప్ప, బాధితురాలి రాతపూర్వక అనుమతి లేకుండా ఆమె వివరాలు బయటపెట్టకూడదు. న్యూజెర్సీలో 1985లో మొదలైన మానవి, న్యూయార్క్‌లో 1989లో మొదలైన సఖి దక్షిణాసియా స్త్రీల కోసమే పుట్టినవి. 'పరువు పోతుంది, సర్దుకుపో' అనే ఒత్తిడి ఎలా ఉంటుందో అక్కడ మొదటినుంచి వివరించనక్కర్లేదు.

ఉదాహరణకు, భర్త పాస్‌పోర్టు దాచేసి 'నీ వీసా క్యాన్సిల్ చేయిస్తా' అంటున్నాడనుకోండి. ఒక్క ఫోన్‌తో అయ్యే పని కాదది. కానీ విడాకులు ఖరారైతే హెచ్-4 హోదా, అంటే ఆ వీసా మీద అమెరికాలో ఉండే అర్హత, పోతుంది, అసలు చిక్కు అదే. కాబట్టి విడాకుల కాగితాల మీద సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవాలి. పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్, అతని హెచ్-1బి అప్రూవల్ నోటీసు ఫొటోలు అతనికి తెలియని ఈమెయిల్‌లో ఉంచుకోవాలి. (ఫోన్ అతని ఫ్యామిలీ ప్లాన్‌లో ఉంటే కాల్ వివరాలు బిల్లులో కనిపించవచ్చు, జాగ్రత్త.)

చాలామంది పొరబడేది 'వావా' (VAWA, స్త్రీలపై హింసకు సంబంధించిన అమెరికా చట్టం) దగ్గర. సొంతంగా గ్రీన్‌కార్డుకు పిటిషన్ వేసుకునే ఆ దారి అమెరికా పౌరుల, గ్రీన్‌కార్డుదారుల భార్యలకే. హెచ్-4 వాళ్లు ఐ-765వి ఫారంతో వర్క్ పర్మిట్ అడగవచ్చు, అయితే అది హోదా ఇవ్వదు. హోదాకు యు వీసా (కొన్ని నేరాల బాధితులకు ఇచ్చేది) ఒక దారి. దానికి, బాధితురాలు నేర దర్యాప్తుకు సహకరిస్తోందని పోలీసులో ప్రాసిక్యూటరో సంతకం చేసిన సర్టిఫికేషన్ కావాలి.