‘ఆయ్’ అని నవ్విన క్లాసులోకి మళ్లీ వెళ్లాలి

ప్రశ్న: 2025 డీఎస్సీలో లెక్కల స్కూల్ అసిస్టెంటుగా ఎంపికై, అక్టోబరులో కోనసీమలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరాను. లంకల పక్క ఊరు. మొదటి రోజు తొమ్మిదో క్లాసులోకి వెళ్లగానే "నేను చాలా స్ట్రిక్టు, అల్లరి చేస్తే ఊరుకోను" అన్నాను. వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి "ఆ...య్" అని సాగదీశాడు. క్లాసంతా నవ్వింది. వాణ్ని బయట నిలబెట్టాను. ఆ తర్వాత ఆ క్లాసు నా చేతికి చిక్కలేదు. జూన్ 12న బడి తెరుస్తారు. ఇప్పుడు వాళ్లే పదో క్లాసు, లెక్కలు చెప్పాల్సింది నేనే. తల్చుకుంటేనే టెన్షన్. మా మామయ్యగారు రిటైరైన హెడ్‌మాస్టరు. "మొక్కై వంగనిది మానై వంగునా? మొదటి పది రోజులు బెత్తం చేతిలో ఉండాలమ్మా" అని రోజూ చెబుతారు. మావారేమో "ఆయన చెప్పినట్టు చెయ్యి, పోయేదేముంది" అంటారు. ఇంట్లో ఎదురు చెప్పలేను, బళ్లో బెత్తం పట్టలేను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ ‘ఆయ్’ సంగతి చూద్దాం. మన వైపు ఆ ఒక్క మాటతోనే సరే అంటాం, విన్నామంటాం, కావాలంటే వెటకారమూ చేస్తాం. సాగదీసిన తీరుని బట్టి అర్థం మారుతుంది. ఆ అబ్బాయి చేసింది వెటకారమే, అనుమానం లేదు. అయితే అక్కడ కూర్చున్నవాళ్లు అప్పటికి ఏ తప్పూ చేయలేదు. మీ పేరు కూడా వాళ్లకి తెలియదు. పరిచయం కన్నా ముందు వార్నింగ్ వచ్చింది. దానికి క్లాసు తరఫున ఒకడు జవాబు చెప్పాడు, అంతే. మిగతావాళ్లు నవ్వింది కూడా మీ గొంతులో వణుకు వినే అయ్యుంటుంది. పిల్లలకి ఆ చెవి బాగా పదును.

నా మొదటి రోజు ఇంకా ఘోరం. ఈ పని మొదలుపెట్టక ముందు కొన్నేళ్లు నేనూ పాఠాలు చెప్పాను. మొదటి క్లాసులో అందర్నీ వరసగా లేపి "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగాను. ఎవరో నాకూ అలాగే నేర్పారు, పరిచయం అంటే అదే అనుకున్నాను. మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచి, పెన్ను మూత తీస్తూ పెడుతూ, "మా అమ్మ కువైట్‌లో ఉంటదండి" అంది. "నేనడిగింది మీ నాన్న గురించి" అన్నాను. క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నాకు తప్ప అందరికీ తెలుసు, తండ్రి వాళ్లను వదిలేసి ఎప్పుడో వెళ్లిపోయాడు. ఆ పిల్ల ఆ ఏడాదంతా నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు.

అందుకే చెబుతున్నాను, కోనసీమలో ఆ ప్రశ్న అస్సలు వద్దు. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్లల్లో పని చేస్తుంటే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. ఇంటిపేరు ఆరా తీయడమూ వద్దు, అదెందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు. దాని బదులు "బడికి ఎలా వస్తావు?" అని అడగండి. దీనికి అందరి దగ్గరా జవాబు ఉంటుంది, ఎవరికీ తలవంపులు ఉండవు. సైకిలు, ఆటో, కాలవగట్టు మీద నడక, రేవు దాటి పడవ. పడవ అన్నవాళ్ల పేర్ల పక్కన చిన్న గుర్తు పెట్టుకోండి. ఆగస్టులో గోదావరికి వరద వస్తే ఎవరు రాలేకపోతారో, ఎవరికి పాఠం మళ్లీ చెప్పాలో మీకు జూన్‌లోనే తెలిసిపోతుంది. వరద తగ్గి వచ్చిన రోజున "నువ్వు పడవ మీద వస్తావు కదా, ఈ రెండు లెక్కలు నీకోసం ఆపాను" అని చూడండి. ఆ ఒక్క మాటకున్న బలం బెత్తానికి లేదు.

జూన్ 12 మీద మరీ ఆశలు పెట్టుకోకండి. ఆ రోజు సగం మందే వస్తారు. వచ్చినవాళ్ల ధ్యాసంతా కొత్త బ్యాగుల మీద, బూట్ల మీద ఉంటుంది. బూట్ల సైజు ఎవరికీ సరిపోదు, ఒకరివి ఒకరు తొడుక్కుని చూసుకుంటుంటారు. దాన్ని అల్లరి అనుకోకండి. క్లాసు నిండిన మొదటి రోజే మీకు అసలు మొదటి రోజు. అది 15 కావచ్చు, 18 కావచ్చు.

ఆ రోజు ఒక్క పని ముందు చేయండి. హాజరు కన్నా ముందు బోర్డు మీద లెక్క రాసేయండి. యాప్‌లో హాజరు వేస్తూ సిగ్నల్ కోసం కిటికీ దగ్గర ఫోన్ పైకెత్తి నిలబడే ఆ ఐదు నిమిషాల్లోనే క్లాసు చెయ్యి జారిపోతుంది. చేతిలో పనున్న పిల్లలు మాట్లాడుకున్నా లెక్క గురించే మాట్లాడుకుంటారు.

లెక్క వాళ్ల దొడ్లోది అయితే మంచిది. ఉదాహరణకి ఇది: ఎకరం అంటే 4,840 చదరపు గజాలు. కొబ్బరి మొక్కలు 27 అడుగులకి ఒకటి చొప్పున చదరంగా నాటితే ఎకరానికి ఎన్ని పడతాయి? 27 అడుగులంటే 9 గజాలు, ఒక్కో చెట్టుకి 81 చదరపు గజాలు. భాగిస్తే 59.75. ఇక్కడ ఆగి "మరి ముప్పావు చెట్టు ఎక్కడ నాటుదాం?" అనండి. నవ్వు వస్తుంది, ఈసారి మీ మీద కాదు. ఎవడో ఒకడు "మా తాత పాతికడుగులకే వేశాడండి" అంటాడు. వాణ్ని బోర్డు దగ్గరికి పిలవండి. ఎకరంలోని 43,560 చదరపు అడుగుల్ని 625తో (25×25) భాగిస్తే దాదాపు 70 వస్తుంది. రెండడుగులు తగ్గిస్తే పది చెట్లు పెరిగాయి. మరి అందరూ అలాగే ఎందుకు వేయరు? కొబ్బరి కింద కోకోనో అరటో వేసిన ఇంటి పిల్ల ఉంటే ఎండ సంగతి, మట్టల సంగతి తనే చెబుతుంది. మీరు వింటే చాలు. రూల్స్ చెప్పాల్సి వస్తే ఆ పీరియడ్ చివర రెండే చెప్పండి, మీరు తప్పకుండా అమలు చేయగలిగినవి. పది చెప్పి ఎనిమిది వదిలేస్తే పిల్లలు ఆ ఎనిమిదే గుర్తుపెట్టుకుంటారు.

ఆ అబ్బాయి దగ్గరికి వద్దాం. క్లాసు ముందు సారీ చెప్పే సీన్లు పెట్టకండి, వాడికీ అది ఇబ్బందే. మధ్యాహ్న భోజనం అయ్యాక కుళాయి దగ్గర కంచం కడుక్కుంటుంటాడు కదా, అక్కడ మామూలుగా పేరు పెట్టి పిలిచి, "ఆ రోజు నిన్ను బయట నిలబెట్టకుండా ఉండాల్సింది" అనండి. ఒక్క వాక్యం. కారణాలు చెప్పొద్దు, వాడి నుంచి సారీ ఆశించొద్దు. జవాబు వచ్చేదాకా అక్కడ నిలబడకండి కూడా. మర్నాడు మళ్లీ వెటకారం చేస్తే? చేయొచ్చు. అప్పుడు మీరూ నవ్వేసి బోర్డు వైపు తిరగండి. ఇంకా ముదిరితే పీరియడ్ అయ్యాక విడిగా పిలిచి మాట్లాడండి, నలుగురిలో కాదు.

ఇక ఇంటి సంగతి. మీ మామయ్యగారిని వాదించి గెలవాలని చూడకండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో పిల్లల్ని కొట్టకూడదంటుందని చెప్పొచ్చు, అది నిజమే. కానీ ముప్పయ్యేళ్లు బడి నడిపిన మనిషి ముందు చట్టం చదివితే "ఇంత చిన్నదానివి నాకు చెబుతావా" అనిపిస్తుంది ఆయనకి. పైగా నాకు తోచేది ఒకటుంది. ఆయన రోజూ బెత్తం మాట ఎత్తుతున్నది బెత్తం కోసం కాకపోవచ్చు. ఇంట్లో ఇప్పుడు బడికి వెళ్లేది మీరొక్కరే. బడి గురించి మాట్లాడటానికి ఆయనకి ఇంకెవరున్నారు?

ఆయన సలహా చెప్పేలోపు మీరే అడగండి, "మామయ్యగారూ, మీ మొదటి క్లాసు ఎలా జరిగింది?" అని. సెంటర్లో ఎదురైతే సైకిలు దిగి నమస్కారం పెట్టే పాత శిష్యులు ఆయనకి ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు, బెంచీలతో సహా చెబుతారు చూడండి. పేర్లు ఎలా గుర్తుపెట్టుకునేవారో అడిగి నేర్చుకోండి, మీకు పనికొచ్చేది అదే. మీవారితో మాత్రం సూటిగా ఒక మాట అనండి: "క్లాసులో నిలబడేది నేను, పోయేది నాకే పోతుంది." ‘పోయేదేముంది’ అన్నందుకు ఆయనకి ఆ జవాబు రావాల్సిందే.

ఆ కొబ్బరి లెక్క మాత్రం పిల్లల కన్నా ముందు మామయ్యగారి చేత చేయించండి. మీ దొడ్లో చెట్టుకీ చెట్టుకీ మధ్య ఎన్నడుగులు ఉందో కొలుద్దాం రమ్మనండి. టేపు ఒక చివర మీరు పట్టుకోండి.